తొమ్మిదో బుట్ట చుట్టూ గీత

నా రాతలో తప్పులు దొర్లుతాయి, ముందే చెబుతున్నాను. ఏ అక్షరానికి ఒత్తు పెట్టాలో, దేనికి దీర్ఘం ఇవ్వాలో ఇప్పటికీ ఆగి ఆలోచించుకోవాలి. ఒక పేజీ నింపడానికి నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. అక్షరాలు పెద్దపెద్దగా వస్తాయి, అది నా చేతిలో లేదు. కాగితం మీద అక్కడక్కడ ఎర్రటి వేలిముద్రలు ఉంటే అవి మిరపవి, పట్టించుకోకండి. నా మనవరాలు దీప దిద్ది పెడతానంది. వద్దన్నాను. అచ్చు వేసేవాళ్లు అక్షరాలు దిద్దుకుంటే దిద్దుకోండి, మాట మాత్రం మార్చకండి. ఇంట్లో మేము లంబాడీ భాష మాట్లాడుకుంటాం. ఆ మాటలన్నీ ఇక్కడ తెలుగులో రాశాను.

ఇది రెండేళ్ల కిందటి ఒక్క చలికాలం సంగతి.

మాది చిల్పూర్ గుట్టకు అవతలి వైపు తండా. ఏటా జనవరి నెలాఖరుకు తండాలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. మేస్త్రీ హరిలాల్ బండి తెస్తాడు, అందరూ టేకుమట్ల వైపు మిరప ఏరడానికి పోతారు. అక్కడ సాలుకు ఇద్దరు. అటొకరు ఇటొకరు కూర్చుని ఏరుకుంటూ పోవాలి. జోడు లేని మనిషిని హరిలాల్ బండి ఎక్కించుకోడు.

అంతకు ముందు ఏడు మా ఇంటి జోడు నేనూ నా కోడలు సుజాత. నెల తిరగకుండానే నా మోకాలు వాచింది. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. జోడు లేక సుజాత కూడా నాతోపాటే తిరిగి వచ్చింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ దీపావళికి హరిలాల్ పేర్లు రాసుకోవడానికి వచ్చినప్పుడు నా పేరు బదులు దీప పేరు రాయించింది.

దీప అప్పుడు తొమ్మిదో తరగతి. ఏరుడు మార్చి చివరి దాకా ఉంటుంది. "ఒక్క ఏడే గదా అత్తా, మళ్ల సదువుకుంటది" అంది సుజాత. తోటకు పోయిన ఆడపిల్ల మళ్లీ బడి గేటు దాటడం మా తండాలో నేను చూడలేదు. ఒక్క ఏడే అని పోయిన పిల్లల్లో సుజాత కూడా ఉంది. నా కొడుకు అమర్‌సింగ్ హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. ఫోన్ చేసి చెబితే, "మీరిద్దరు మాట్లాడుకోండ్రి, నాకు స్లాబు పని నడుస్తున్నది" అని పెట్టేశాడు.

దీప పేరు హరిలాల్ నోటుబుక్కులోంచి ఎట్లా తీయించాలా అని ఆలోచిస్తూ, ఒకరోజు మేకలను తోలుకుని బడి వెనక బంజరుకు పోయాను.

ఎప్పుడూ ఖాళీగా ఉండే చోట ఇనుప గుంజ పాతి ఉంది. నా ముంజేయి అంత లావు ఉంది. పైన గొడుగులా గొలుసులు వేలాడుతున్నాయి, వాటి కింద బుట్ట. బడి ఆటల టీచరు ప్రత్యూషమ్మ గుంజకు తాడు కట్టించింది. అటెండరు బిక్షపతి ఆ తాడు కొస పట్టుకుని, చిల్లుల డబ్బాతో ముగ్గు పోస్తూ చుట్టూ తిరుగుతున్నాడు. తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి గీత గీతను కలవలేదు. జానెడు లోపలికి వచ్చింది.

"తాడు వదులు చేసినవా బిక్షపతీ?"

"లేదు మేడం. గట్టిగనే గుంజి పట్టిన. ఈడ భూమే వంకరున్నది."

చెరిపి మళ్లీ గీశారు. మళ్లీ జానెడు తేడా. మూడోసారి కూడా అంతే వచ్చేసరికి నాకు నవ్వు ఆగలేదు.

"ఏందవ్వా, అట్ల నవ్వుతున్నవ్?" అని టీచరమ్మ నా వైపు తిరిగింది.

"బర్రెను గిట్ల కడితే పొద్దూకేసరికి దాని ముక్కు గుంజకు తగుల్తది టీచరమ్మా. తాడు గుంజకు సుట్టుకుంటున్నది సూడున్రి. ఆయన ఒక సుట్టు తిరిగితే గుంజ ఒక సుట్టు మింగుతున్నది."

ఇద్దరూ వంగి చూశారు. బిక్షపతి తల గోక్కున్నాడు. "గిది మనకు తెల్వనిదా రామవ్వా, జర యాద్ మరిచిన" అన్నాడు.

తాడుకు వదులుగా ఉచ్చు వేసి చూపించాను. కానీ ఉచ్చు కూడా కాస్త లాగితే గుంజను పట్టుకుంటోంది. గుంజ మీద తిరిగేది ఏదైనా కావాలి. మర్నాడు పెట్టె తెరిచి నా కాలి కడెం తీసుకుపోయాను. మా ఆయన పోయిన రోజు ఆడవాళ్లు నా కాళ్ల నుంచి తీసిన కంచు కడేల్లో అదొకటి. ఒక పక్క తెరిచి ఉంటుంది. గుంజకు తొడిగితే సరిగ్గా సరిపోయింది. తాడును దానికి కట్టి నడిచాను. నేను తిరుగుతుంటే కడెం నాతోపాటు తిరిగింది. చుట్టూ వచ్చేసరికి గీత గీతను కలిసింది.

టీచరమ్మ టేపు పెట్టి నాలుగు వైపులా కొలిచింది. నాలుగు వైపులా పది మీటర్లే. "ఇంక ఎనిమిది బుట్టలున్నయ్ అవ్వా. రేపటి నుంచి నువ్వే రావాలె" అంది.

"నా మేకలు?"

"మేకలతోనే రా."

ఆ ఆట పేరు డిస్క్ గోల్ఫ్. మా తండావాళ్లు పళ్లాల ఆట అన్నారు. అన్నం పళ్లెం అంత ప్లాస్టిక్ బిళ్లను దూరం నుంచి విసురుకుంటూ పోయి గొలుసుల బుట్టలో వేయాలి. తొమ్మిది బుట్టలు. తక్కువ విసుర్లలో అన్నీ ముగించినవాళ్లు గెలిచినట్టు. బుట్ట చుట్టూ ఉండే ముగ్గు గీత దేనికని అడిగితే దీపే చెప్పింది.

"గీత లోపట నిలబడి యిసిరితే, యిసిరినంక కూడ కాళ్లు కదల్చద్దు దాదీ. ముందటికి తూలితే ఆ యిసురు లెక్కకు రాదు. గీత అవతల నిలబడి యిసిరితే ఎగిరి దునికినా ఏమనరు."

మా భాషలో నాయనమ్మను దాదీ అంటాం.

"ఒక బెత్తెడు లోపలుంటే?"

"లోపలంటే లోపలే."

బుట్టల పని అయ్యాక ఆట స్థలం చుట్టూ హద్దు పెట్టాం. పసుపు తాడు కట్టి, ఇరవై అడుగులకు ఒక జెండా. పళ్లెం పూర్తిగా హద్దు దాటి పడితే ఒక విసురు అదనంగా వేస్తారు. తాడు మీద పడితే కూడా బయటే. అంచు ఇంత లోపలికి కనిపించినా లోపలే. నాకు ఈ ఆటలో నచ్చింది అదే. ఎవరి నోరు పెద్దదైతే వాళ్లదే హద్దు అన్నట్టు ఉండదు. వంగి చూసి చెప్పాలి.

ఎర్ర గుడ్డ జెండాలను మొదటి రోజే నా మేకలు తినేశాయి. బిక్షపతి నన్నూ నా మేకలనూ కలిపి తిట్టాడు. నేను పాత లంగా అంచులు కత్తిరించి, అద్దాలు కుట్టి ఉన్న ముక్కలను తీగతో కర్రలకు బిగించాను. అద్దాలు నోటికి తగిలి మేకలు వదిలేశాయి. ఎండ పడితే గుట్ట మీది దారికి కూడా మెరిసేవి. నాలుగో బుట్ట దగ్గర హద్దు తండావాళ్ల మేకల బాటకు అడ్డం వస్తుంటే, టీచరమ్మతో గట్టిగా మాట్లాడి తాడును పది అడుగులు లోపలికి జరిపించాను. లేకుంటే మొదటి వానకే ఆ తాడు ఎవరి బర్రె మెడకో ఉండేది.

అక్షరాలు కూడా ఆ బంజరులోనే వచ్చాయి. బుట్టలకు బోర్డులు రాయాలి. అంకెలు నాకు తెలుసు, అక్షరాలు తెలియవు. అప్పటిదాకా బ్యాంకులోనైనా రేషన్ దుకాణంలోనైనా నాది వేలిముద్రే. బడి వదిలాక దీప ముగ్గు డబ్బా తీసుకుని నేల మీద మంచమంత అక్షరం గీసేది. నేను ఆ గీత మీద నడిచేదాన్ని, తర్వాత పక్కన నేను గీసేదాన్ని. పలక మీద నా వేళ్లు వణికేవి, డబ్బాతో వణకలేదు. మొదట రాసిన మాట హద్దు. రెండోది నా పేరు.

"సాలు దాదీ, నీ పేరుకే బుడ్డెడు ముగ్గు ఒడిసింది" అని దీప నవ్వేది.

ఆ పిల్ల పళ్లెం విసిరే తీరు చూస్తే, టీచరమ్మ ఆట నేర్చుకునే నలభై మంది పిల్లల్లో ఆమెనే ఎందుకు పిలిచి నేర్పుతోందో నాకు అర్థమైంది. వడిసెలతో పిట్టలను కొట్టిన చెయ్యి. గాలి ఎటు ఉందో చెంప మీద చూసుకుని విసిరేది.

డిసెంబర్‌లో టీచరమ్మ మా ఇంటికే వచ్చింది. జనవరి నెలాఖరున ఇక్కడే పోటీ పెడుతున్నారు. చుట్టుపక్కల జిల్లాల నుంచి పిల్లలు వస్తారు. ఆడపిల్లల్లో మొదట వచ్చినామెకు మానుకోటలో ఒక ట్రస్టు నడిపే క్రీడా హాస్టల్లో సీటు ఇస్తారు. తిండి, బట్ట, ఇంటర్ దాకా చదువు. ఒక్కటే సీటు.

సుజాత రొట్టెలు చేస్తూ వింటోంది. "మేం ముప్పై తారీకు తోటకు పోతం మేడం" అంది.

"పోటీ ఇరవై ఆరున అక్కా."

"గెలువకపోతే?"

టీచరమ్మ నా వైపు చూసింది. నేను సుజాత వైపు చూశాను. "గెలిస్తే పిల్ల మానుకోట పోతది, గెలువకుంటే నీతోని తోటకొస్తది" అన్నాను. "ఒప్పుకుంటవా?"

సుజాత పెనం మీద రొట్టె తిప్పింది. "గెలిస్తే నా జోడు ఎవలు?"

"ఆ దినం సూసుకుందం."

"సరే" అంది. సుజాత మాట ఇస్తే తప్పదు. నేను భయపడింది అందుకే.

ఆ నెలంతా దీప పొద్దున్నే బంజరులో ఉండేది. నేను ఆమె వెనకే పోయి గీతలు దిద్దుకునేదాన్ని. తిరిగి తిరిగి నా మోకాలు కూడా కాస్త దారికి వచ్చింది. గీత దిద్దేటప్పుడు వంగడం కష్టమై, ముగ్గు బకెట్ ఖాళీ చేసి బోర్లించి దాని మీద కూర్చుని, జరుపుకుంటూ పోవడం అలవాటు చేసుకున్నాను.

పోటీకి ముందు సాయంత్రం తొమ్మిది గీతలూ కొత్తగా పోశాను. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే సుజాత నా చేతిలోని కడెం చూసింది.

"రేపు పెద్దపెద్దోళ్లు వస్తరంట అత్తా. తండా ఆడోళ్లందరు వస్తరు. ఇడిసిన సొమ్ము అందరి ముందట చేతుల పట్టుకోని తిరుగకు. ఇప్పటికే అంటున్నరు."

"ఏమంటున్నరు?"

"మొగుడు పోయినామె సొమ్ము శుభం జరిగే కాడ ఎందుకు అని. నా బిడ్డ ఆట అది."

 అప్పటిదాకా సుజాతకు ఆ ఆట మీద ఆశ ఉందని నాకు తెలియదు. గీతలన్నీ గీశాను కదా, ఇంక దాని పనేముంది అనుకుని కడేన్ని పెట్టెలో పెట్టేశాను.

తెల్లవారుజామున కాలం కాని కాలంలో చినుకులు పడ్డాయి. గబగబా బంజరుకు పోయి చూస్తే ఎనిమిది గీతలు బాగానే ఉన్నాయి. తొమ్మిదో బుట్ట దగ్గర గుట్ట నీళ్లు దిగి పై సగం గీత కొట్టుకుపోయింది. గేటు దగ్గర అప్పటికే జీపులు ఆగుతున్నాయి. ఇంటికి పోయి కడెం తేవడానికి టైం లేదు. తాడుకు జారుముడి వేసి గుంజకు తగిలించాను. కింది సగం గీత చివర తాడు కొలత పెట్టి చూస్తే సరిపోయింది. ముగ్గు పోస్తూ నడిచాను. తడిసిన తాడు గుంజను పట్టుకుంది. అవతలి పక్క పాత గీత దగ్గరికి వచ్చేసరికి నా కొత్త గీత ఒక బెత్తెడు లోపలికి ఉంది.

అది చూశాను. చూసి, మళ్లీ గీయకుండా, ఆ రెండు కొసల మధ్య కాలితో రుద్ది, ఇంత ముగ్గు చల్లి కలిపేశాను. దూరం నుంచి చూస్తే గుండ్రంగానే ఉంది.

పొద్దుటి ఆట, మధ్యాహ్నం ఆట, రెండు ఉన్నాయి. మధ్యాహ్నం ఆటతోనే గెలుపు. ఇద్దరు సమానమైతే పొద్దుటి ఆటలో తక్కువ విసుర్లు ఎవరివో చూస్తారు. పొద్దున డోర్నకల్ నుంచి వచ్చిన యమున అనే పిల్ల మా దీప కంటే రెండు విసుర్లు తక్కువలో ముగించింది. వాళ్ల నాయిన రైల్వేలో గ్యాంగ్‌మెన్. పొడుగాటి పిల్ల, మాట తక్కువ. మధ్యాహ్నం దీప ఒక్కొక్క బుట్టా ఆమెకు దీటుగా ఆడుతూ వచ్చింది. చివరికి తొమ్మిదో బుట్ట దగ్గర యమున ముగించేసింది. దీప పళ్లెం బుట్టకు పైవైపు పడి ఉంది. ఒక్క విసురుతో వేస్తే దీప గెలుస్తుంది. రెండు పడితే సమానం, సీటు యమునది.

తండా అంతా పసుపు తాడు అవతల నిలబడి ఉంది. సుజాత కొంగు నోట్లో కుక్కుకుంది. నేను గీతకు దగ్గరలో ముగ్గు బకెట్ పక్కన ఉన్నాను.

దీప తన పళ్లెం ఉన్న చోట నిలబడి కిందికి చూసింది. గీత ఆమె కాలికి రెండు వేళ్లు ముందు ఉంది. అంటే బయట ఉన్నట్టు. ఎగిరి విసరవచ్చు. చెంప పక్కకు తిప్పి గాలి చూసుకుంది. రెండడుగులు ఊగి, ముందుకు ఎగిరి విసిరింది. పళ్లెం గొలుసుల మధ్యకు పోయి గలగలమంటూ బుట్టలో పడింది. దీప ఎగిరిన ఊపుకు గీత దాటి మూడడుగులు లోపలికి వచ్చి నిలబడింది.

తండా కేక గుట్టకు కొట్టి తిరిగి వచ్చింది. సుజాత తాడు దాటి ఉరికి వచ్చి బిడ్డను పట్టుకుంది. వాళ్లిద్దరూ అట్లా పట్టుకుని నిలబడటం నేను ఎన్నేళ్ల తర్వాత చూశానో.

తడి నేల మీద దీప కాలి గుర్తు అచ్చుపడి ఉంది. ముగ్గుకు రెండు వేళ్లు అవతల. అది నేను పొద్దున కాలితో రుద్దిన చోటు. అక్కడ నా ముగ్గు ఒక బెత్తెడు లోపలికి ఉంది. అసలు గీత అక్కడ ఉంటే ఆ కాలి గుర్తు మీద నుంచే పోవాలి. ఈ సంగతి తెలిసిన మనిషి ఆ బంజరులో నేనొక్కదాన్నే.

"టీచరమ్మా, టేపు తెండి" అన్నాను.

ప్రత్యూషమ్మ నవ్వుకుంటూ వచ్చింది. "టేపెందుకవ్వా ఇప్పుడు?"

"ఈడ కొలువున్రి."

ఆమె నా ముఖం చూసి నవ్వు ఆపింది. జడ్జీగా వచ్చిన వనజ మేడం టేపు ఒక కొస గుంజ దగ్గర పట్టుకుంది. కాలి గుర్తు కొసకు తొమ్మిది మీటర్ల తొంభై ఆరు వచ్చింది. మళ్లీ కొలిచారు. అంతే.

"ఈ గీత ఎవరు గీశారు?" అని వనజ మేడం అడిగింది.

"నేనే మేడం. పొద్దుగాల వానకు పోతే జారుముడేసి గీసిన. తాడు సుట్టుకున్నది. కలువకపోతే కాలుతోని రుద్ది కలిపిన. తప్పు నాది, పిల్లది కాదు."

అందరూ చుట్టూ మూగారు. యమున ముందుకు వచ్చింది. "గీత చూసే ఆడింది కదా మేడం. వదిలేయండి" అంది. ఆ పిల్ల అట్లా అనకుండా ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

వనజ మేడం ఇంకోసారి వంగి గీతనూ కాలి గుర్తునూ చూసింది. "గీతను నమ్మి ఆడింది కాబట్టి తప్పు విసురు అనను. కానీ ఆట పది మీటర్లకు, ముగ్గుకు కాదు. అక్కడి నుంచే మళ్లీ విసరాలి, కాళ్లు కదలకుండా" అంది.

దీప పళ్లేన్ని ప్యాంటుకు ఒక పక్క తుడిచింది, తిప్పి రెండో పక్క తుడిచింది. తన కాలి గుర్తులోనే కాలు పెట్టింది. ఈసారి ఎగరలేదు. పళ్లెం గొలుసుకు తగిలి, బుట్ట అంచు మీద నిలబడి, పక్కకు ఒరిగి నేల మీద పడింది. దీప నడిచి పోయి, దాన్ని తీసి, బుట్టలో వేసింది. తర్వాత యమున దగ్గరికి పోయి చెయ్యి ఇచ్చింది.

ఇంట్లో సుజాత ఆ పొద్దు పొయ్యి వెలిగించలేదు.

"జర సూడనట్టు ఉంటే ఏమైతుండె అత్తా? ఎవలడిగిండ్రు నిన్ను?"

"గీసింది నేను."

"నీ గీత సక్కగుండాలె. నా బిడ్డ బతుకు ఎట్లన్న పోనీ."

 దీప గోడ వైపు తిరిగి పుస్తకాలను గోనెసంచిలో సర్దుతోంది. మాటంటే మాట, ఆమె తోటకు పోవాలి. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు హరిలాల్ బండి వస్తుంది. ఆ మూడు రోజులూ నేను బంజరుకు పోయి, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, లేచి, జరిపి, మళ్లీ కూర్చుని చూసుకున్నాను. ఒక్కో పూటకు ఎన్నిసార్లు లేవగలనో లెక్కపెట్టుకున్నాను.

ముప్పయ్యో తారీకు పొద్దున్నే బండి వచ్చి ఆగింది. సుజాత మూటలు ఎక్కించి పైన కూర్చుంది. హరిలాల్ నోటుబుక్కు తీసి పేర్లు చదువుతున్నాడు.

"అమర్‌సింగ్ ఇంటికెళ్లి ఇద్దరు. సుజాత, దీప. ఎక్కు బిడ్డా, ఆలిశమైతున్నది."

నేను మోకాలికి పాత చీర పీలిక బిగించి కట్టుకుని, చేతిలో బకెట్‌తో బండి దగ్గరికి పోయాను.

"నోటుబుక్కు ఇటియ్యి హరిలాల్."

"ఎందుకు పెద్దమ్మా? బొమ్మలు సూస్తవా?" బండి మీది ఆడవాళ్లు నవ్వారు.

"ఇటియ్యి అన్న."

ఇచ్చాడు. పేజీ సగం దాకా పేర్లు. పై నుంచి ఒక్కొక్కటీ వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాను. అందరూ చూస్తున్నారు, చూడనీ అనుకున్నాను. పదకొండో వరుసలో సుజాత. దాని కింద దీప. పెన్ను అడిగి తీసుకుని, నోటుబుక్కును బకెట్ మీద పెట్టి, దీప పేరు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా గీత గీశాను. తిన్నగా వచ్చింది. దాని కింద నా పేరు రాశాను. రెండు అక్షరాలకు నాలుగు వరుసలు పట్టాయి.

"గింత పెద్దగ రాస్తే మిగిలినోళ్లను యాడ రాయాలె?" అన్నాడు హరిలాల్.

"నాకు సిన్నగ రాదు."

"మోకాలు?"

"మోకాలు నాది. బకెట్ ఏసుకోని కూసుంట. నడుమల తిరిగొస్తే అప్పుడడుగు."

హరిలాల్ సుజాత వైపు చూశాడు. సుజాత నా వైపు చూడలేదు. కిందికి వంగి, నా చేతిలోని బకెట్ అందుకుని, తన పక్కన పెట్టుకుంది. తర్వాత మూట జరిపి చోటు చేసింది.

నేను ఎక్కి కూర్చున్నాక దీప ఇంట్లోంచి వచ్చింది. బడి బట్టలు వేసుకుంది. చేతిలో నా కడెం ఉంది.

"పెట్టె కాడికి పోతే దొరికింది" అంది. నాలుగు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. "నువ్వు లేనప్పుడు గీతలు ఎవలు గీస్తరు?"

"నువ్వే గియ్యి."

కడేన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. సుజాత పైనుంచి, "జాగ్రత్తగ పెట్టుకో, పోగొడ్తవ్" అంది. హరిలాల్ బండి తీశాడు.

"జారుముడి మాత్రం ఎయ్యకు" అని అరిచాను. దీప చెయ్యి ఎత్తింది.

ఆ ఏడు మార్చి ఇరవై ఏడు దాకా ఏరాను. మోకాలు రెండుసార్లు వాచింది. వాచినప్పుడు సుజాత తన వైపు ఏరి, వంగి నా వైపు కూడా ఏరింది. మధ్యలో తిరిగి రాలేదు. దీప తొమ్మిది పాసైంది, తర్వాత పది పాసైంది. మరుసటేడు పోటీలో నాలుగో స్థానం వచ్చింది, సీటు రాలేదు. ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం. శని, ఆదివారాలు బంజరులో చిన్నపిల్లలకు పళ్లెం విసరడం నేర్పుతుంది, గీతలు తనే గీస్తుంది. తోట నుంచి తిరిగిపోగానే టేపు పట్టుకుని కొలుస్తాను. ఇంతవరకు తేడా రాలేదు.

రామి, అరవై మూడేళ్లు. ఇల్లు చిల్పూర్ మండలంలోని తండాలో. ఇప్పుడు మాత్రం టేకుమట్ల దగ్గర మిరప తోటలో ఉంటున్నాను, మార్చి నెలాఖరు దాకా.